తారు పూసిన పేరు

మా స్టేషన్ మనుషుల కోసం పుట్టలేదు, ఇంజనుకు దాహం వేస్తుందని పుట్టింది. రేణిగుంట దాటి పుత్తూరు వైపు వస్తుంటే నడుమ ఒక నీళ్ల తొట్టి కట్టారు. బండి ఎలాగూ ఆగుతోంది కదా అని చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఎక్కడం, దిగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒక గది, ఒక గంట, ఒక స్టేషన్ మాస్టరు, చివరికి పోర్టరుగా నేను. నాలుగో తరగతిలో బడి నన్ను వదిలేస్తే రైలు పట్టుకుంది.

యుద్ధం వచ్చాక ప్యాసింజర్లు తగ్గి, రోజుకు అటొకటి, ఇటొకటి మిగిలాయి. తర్వాత, విమానాల్లో వచ్చే శత్రువుకు ఊళ్ల ఆనవాలు తెలియకూడదని, బోర్డు మీద పేరుకు తారు పూయమని ఉత్తరువు వచ్చింది. మా చింతచెట్ల మీద బాంబు వేయడానికి జపానువాడు ఇంత దూరం వస్తాడా అని నవ్వాను. మా గేటుమ్యాన్ నిచ్చెనెక్కి తారు పూసి, దిగేటప్పుడు జారి మణికట్టు బెణికించుకున్నాడు. అప్పటినుంచి బండి ఆగగానే స్టేషన్ పేరు అరిచే పని నాకు పడింది.

రోజూ ఒకే పేరు అరిస్తే నోటికి విసుగు. ఒకరోజు కాశీ అనేవాణ్ణి, ఒకరోజు రామేశ్వరం అనేవాణ్ణి. అలవాటైనవాళ్లు కిటికీల్లోంచి నవ్వేవాళ్లు. మాస్టరు మందలించేవాడు గానీ, ఆయనా మీసాల చాటున నవ్వేవాడు.

ఒకరోజు గేటుమ్యాన్, బెణుకు ఇంకా తగ్గక, చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఎముక విరిగినవాళ్లంతా కట్టు కోసం పోయేది పుత్తూరుకే కదా. వాణ్ణి ఏడిపించాలని గొంతెత్తాను.

"పుత్తూరు, పుత్తూరు! ఇరిగినోళ్లంతా దిగండప్పా!"

బండి వెళ్లిపోయాక చూస్తే, ప్లాట్‌ఫారం చివర ఒకాయన కంకర మీద దుప్పటి పరిచి భార్యను పడుకోబెట్టి ఉన్నాడు. ఆమె మోకాలి కింద రెండు కట్టెలు పెట్టి గుడ్డతో బిగించారు. ఏర్పేడు పక్క పల్లెవాళ్లట. బావి మెట్ల మీద పడిందట. రేణిగుంటలో బండి మారి, ఈ దారిన రావడం ఇదే మొదలు.

"కట్టు కట్టేవాళ్ల ఇల్లు యాడుండాదప్పా?" అని ఆయన నన్నే అడిగాడు.

పుత్తూరు ఇంకా ఎనిమిది మైళ్లుందని, మళ్లీ బండి రేపేనని గేటుమ్యానే చెప్పాడు. ఆయన బోర్డు వైపు చూశాడు. అది నల్లగా ఉంది.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. "మేం నీకేం సేసినామన్నా?" అంది. తిట్టినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

రాబోయేది సైనికుల బండి, దాన్ని ఆపే అధికారం తనకు లేదని మాస్టరు చెప్పాడు. పక్క పల్లెనుంచి ఎద్దుల బండి తెప్పించి, నన్నూ వెంట పొమ్మన్నాడు. ఎంత గడ్డి పరిచినా ప్రతి గుంటకూ ఆమె పళ్లు బిగబట్టేది. పక్కన నడుస్తూ ఏదో చెప్పబోతే, వద్దన్నట్టు భర్త చేయి చూపాడు.

పొద్దు వాలేసరికి చేరాం. కట్టు కట్టే పెద్దాయన కాలు తడిమి, కుదుపులకు ఎముక జరిగిందన్నాడు. "రైల్లో నేరుగా వచ్చింటే సుళువుగా పోయేది. ఇప్పుడు కాలు నేలకు ఆనుతాదో లేదో నలభై దినాలకు గానీ సెప్పలేను."

ఎద్దుల బండిలో ఎందుకు తెచ్చారని ఆయన అడిగాడు. భర్త నా ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత పుత్తూరునుంచి తిరుగు బండి వచ్చిన ప్రతిసారీ పెట్టె పెట్టెలోకీ తొంగిచూసేవాణ్ణి. పెళ్లాం పుట్టింటినుంచి వస్తోందా అని గేటుమ్యాన్ ఎగతాళి చేసేవాడు. నేను తర్వాతి పెట్టెకు నడిచేవాణ్ణి.

రెండో నెలలో ఒకరోజు కనిపించారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. కాలు నాకు కనబడలేదు.

"కాలెట్లుండాదక్కా?" అన్నాను.

ఆమె ఏదో చెప్పబోయింది. అవతలినుంచి భర్త చేయి వచ్చి కిటికీ చెక్క దించేసింది. బండి కదిలేదాకా ఆ చెక్క ముందరే నిలబడ్డాను.