నిచ్చెన ఎక్కే పాస్టరమ్మ

పెనుకొండలో మా ఆయన్ని ఆదివారం పాస్టరయ్య అంటారు. మిగతా ఆరు రోజులూ మైకుసెట్టు జయప్రకాష్ అంటారు. నన్ను మాత్రం ఏడు రోజులూ పాస్టరమ్మే అంటారు. సువార్తమ్మ అని నాకొక పేరుందని ఎవరికి గుర్తు? పాస్టరమ్మ అంటే తెల్లచీర కట్టుకుని, ముందు వరస చాప మీద కూర్చుని, గొంతు పెంచకుండా పాటలు పాడాలట. ఎవరు రాసిపెట్టారో తెలియదు. నేను చేసింది మాత్రం నిచ్చెన ఎక్కి మైకు హారన్లు కట్టడం.

మా పెళ్లి 1991లో అయింది. అప్పుడే ఆయన కాలనీలో చిన్న సంఘం మొదలుపెట్టాడు. నలభై ఇళ్లు, అందరూ కూలినాలి చేసుకునేవాళ్లే. కానుకల పళ్లెంలో చిల్లర కంటే శనక్కాయలు, రాగులు, గుమ్మడికాయలే ఎక్కువ. ప్రేమగానే ఇచ్చేవాళ్లు, కాదనను. కానీ గుమ్మడికాయ తీసుకుని మా కూతురు కెజియాకు పాలడబ్బా ఇవ్వమంటే ఏ షాపువాడు ఇస్తాడు? అందుకని 1994లో హిందూపురం వెళ్లి పాత ఆంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక షామియానా కొన్నాం. బస్టాండు పక్కన రేకుల షెడ్డులో అద్దెల షాపు తెరిచాం.

ఆ రోజే సంఘపెద్ద రత్నాకరం సార్ వచ్చి, "సేవకుడు విశ్వాసంతో బతకల్ల గానీ యాపారంతో కాదప్పా" అన్నాడు. ఆయన ధర్మవరంలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నెల తిరిగేసరికి పెన్షన్ వచ్చేవాడికి విశ్వాసం గురించి చెప్పడం ఎంతసేపు!

ఈ వ్యాపారంలో మాకొక చిక్కు ఉంది. మా ఆయనకు ఎత్తు ఎక్కితే కళ్లు తిరుగుతాయి. మొదటి అద్దె సోమందేపల్లిలో ఒక పెళ్లికి. నిచ్చెన మూడో మెట్టు మీదే ఆయన మొహం పాలిపోయింది, అక్కడే కరుచుకుని నిలబడిపోయాడు. ఆయన్ని దింపి, చీర బిగించి నేనే ఎక్కాను. పెళ్లివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకుంటూ తాడు ముడేశాను. అప్పటి నుంచి ఎక్కేది నేను, కింద నిచ్చెన పట్టుకునేది ఆయన.

ఇక ఆయన వారం గురించి చెబితే మీకే ఆయాసం వస్తుంది. బుధవారం ధర్మవరంలో మగ్గాల వాళ్ల ఇళ్లలో ప్రార్థన. శుక్రవారం హిందూపురంలో ఉపవాస కూడిక. ఆదివారం పెనుకొండ. మధ్యలో పెళ్లిళ్లు, ఎన్నికలు, తిరునాళ్లు. ఊరందరి కడుపునొప్పికీ ఆయన దగ్గర ప్రార్థన ఉంది. ఇంటికొస్తే గురక ఉంది. బడిలో 'మా నాన్న' మీద వ్యాసం రాయమంటే కెజియా రెండు వాక్యాలు రాసి ఊరుకుంది: 'మా నాయన మంచివాడు. ఈ వారం ఊర్లో లేడు.' ఆ కాగితం ఆయన కంచం పక్కన పెట్టాను. చదివి, కలిపిన అన్నం అలాగే వదిలేసి కూర్చున్నాడు. నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. ఎవరు గట్టిగా మాట్లాడినా తల దించుకునే మనిషి ఆయన. నన్నెవరైనా మాటంటే కూడా అదే తల, అదే దించుకోవడం. నా మంటంతా దానికే.

2003లో కదిరి తిరునాళ్లకు ఒక చలివేంద్రం దగ్గర మూడు రోజులు మైకు మాది. ప్రకటనలు చదివే అతనికి గొంతు పోయింది. ఆ పని మా ఆయన మీద పడింది. పొద్దస్తమానం అదే మాట: భక్త మహాశయులకు విజ్ఞప్తి, జేబుదొంగలున్నారు, జాగ్రత్త. ఆదివారం పొద్దున బస్సు దిగి, మొహం కడుక్కుని, నేరుగా వచ్చి సంఘం ముందు నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి, గంభీరంగా మొదలుపెట్టాడు.

"భక్త మహాశయులకు విజ్ఞప్తి! జేబుదొంగలున్నారు, జాగ్రత్త!"

ముందు వరసలో చౌడమ్మవ్వ అలవాటుకొద్దీ "ఆమెన్" అనేసింది. ఆమె వెనకే సంఘమంతా ఆమెన్! ఆ తర్వాత గానీ ఎవరి బుర్రకూ వెలగలేదు. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. సరిగ్గా అప్పుడే కానుకల పళ్లెం సర్దుతున్న రత్నాకరం సార్ మాత్రం నవ్వలేదు.

మర్నాడే మా ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. షాపు మూసేయాలి. పాస్టరమ్మ ఇకమీదట నిచ్చెన ఎక్కరాదు. రెండిటికీ ఒప్పుకుని పాస్టరు సంతకం పెట్టాలి. వచ్చే ఆదివారం లోపల పెట్టకపోతే మందిరం తాళాలు ఇచ్చేసి వెళ్లిపోవాలి. మందిరం ఉన్న జాగా ఆయనదే మరి.

"బైబిల్లో పౌలు గుడారాలు కుట్టుకుంటానే వాక్యం చెప్పినాడు గదా సార్, మేము షామియానాలు అద్దెకిస్తే తప్పొచ్చిందా?" అన్నాను.

"కుట్టినాడమ్మా. తిరునాళ్లకు అద్దెకియ్యలేదు."

"అడిగినోళ్లు లేరేమో లే సార్!"

ఆయనకు ఎక్కడో తగిలింది. నన్ను వదిలేసి, "ఏమప్పా జయప్రకాష్, మీ ఇంట్లో పెత్తనం ఎవురిది? ఆడమనిషి కొంగు దోపుకోని నిచ్చెనెక్కుతాంటే నీకు సిగ్గనిపీలేదా?" అన్నాడు. మా ఆయన తల దించుకున్నాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

సార్ వెళ్లాక మా ఆయన్ని అడిగాను. "సంతకం పెడతావా?"

"నలభై ఇండ్లు సువార్తా. పన్నెండేండ్లుగా ఒక్కొక్కరినీ కూడగట్టిన సంఘం. నేనే పోయి చెడగొట్టుకునేదా?"

"నేను నిచ్చెనెక్కేది నీకు సిగ్గయితే చెప్పు, ఈ పొద్దే మానేస్తా. నీ నోటితో చెప్పు. ఆయప్ప కాగితంతో కాదు."

ఆయన చెప్పులేసుకుని షాపుకు వెళ్లిపోయాడు. ఆ వారమంతా మా ఇంట్లో మాటలు ఉప్పు, నీళ్లు దగ్గరే ఆగిపోయాయి. షాపు పోతే ఏదో ఒక కూలి చేసుకుంటాను, దానికి భయం లేదు. ఆ రెండో షరతు కింద నా మొగుడి సంతకం పడితే మాత్రం నేను తట్టుకోలేను. ఎవరో ఏదో అనడం వేరు, ఆయన అనడం వేరు.

ఆదివారం ఆరాధన అయిపోయింది. మర్నాడు తెల్లవారుజామున ఒక పెళ్లికి మా మైకే. అందుకని మందిరం ముందున్న కరెంటు లేని పాత స్తంభానికి నిచ్చెన వేసి, ఎక్కి హారన్ విప్పుతున్నాను. ఆయన కింద నిచ్చెన పట్టుకున్నాడు. రత్నాకరం సార్ కాగితం, పెన్నూ పట్టుకుని బయటికి వచ్చాడు. వెనకే సంఘమంతా వచ్చింది.

"చూస్తిరా అందరూ? చెప్పినాక గూడా ఎక్కింది!"

చౌడమ్మవ్వ కర్ర ఊతంగా ముందుకొచ్చింది. "ఏమి సార్, మా ఇంటాయప్ప సచ్చిపోయిన దినం ఆ వానలో షామియానా కట్టింది ఈయమ్మే. అద్దె గూడా అడగల్యా. ఆ పొద్దు నువ్వు యాడుంటివి?"

"నువ్వుండవ్వా!" అని ఆమెను కసిరి, మా ఆయన వైపు తిరిగాడు. "ఆఖరుసారి అడుగుతాండా పాస్టరుగారూ. ఆమెను దింపి సంతకం పెడతారా, తాళాలిచ్చి పోతారా?" పెన్ను చాచాడు.

పైనుంచి నాకు మా ఆయన నడినెత్తి ఒక్కటే కనిపిస్తోంది. ఎప్పటిలాగే వంగి ఉంది. పెన్ను తీసుకోవాలంటే ఆయన నిచ్చెన వదలాలి. నా చేతుల్లో తాడు చెమటకు జారుతోంది. ఆ పెన్ను పట్టుకుంటే ఇక నీకూ నాకూ చెల్లు అనుకున్నాను.

ఆ తల పైకి లేచింది.

"నేను చెయ్యి వదిల్తే ఆమె పడుతుంది సార్," అన్నాడు. మైకు లేకపోయినా వీధి చివర దాకా వినపడేట్టు అన్నాడు. "నేను వదల్ను. తాళాలు నా జేబులో ఉండాయి. మీరే తీసుకోండి."

అంతమందీ చూస్తుండగా రత్నాకరం సార్ ఆ జేబులో చెయ్యి పెట్టి తాళాలు తీసుకోవాల్సి వచ్చింది. మా ఆయన కదల్లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సంఘం ముందు ఆయన్ని అయ్యగారూ అనే పిలవాలి, నేనెప్పుడూ తప్పలేదు. కానీ అంత ఎత్తు మీద నిలబడి ఏడిస్తే పరువు పోతుందని, నోటికొచ్చినట్టు కసిరాను.

"గట్టిగా పట్టుకో మామా, ఊగుతాండాది!"