మనిషి చేయి పడ్డ పిచ్చుక

ఈమధ్య గాజువాకలో మా అపార్టుమెంటు బాల్కనీలన్నిటికీ పావురాలు రాకుండా నైలాను వలలు కట్టించారు. పావురాలు హాయిగా పక్క భవనానికి మకాం మార్చాయి, పిచ్చుకలు మాత్రం ఇరుక్కుంటున్నాయి. వలల మీద బతికిన వంశం మాది. ఫిషింగ్ హార్బర్‌లో నాన్నకు బోటుండేది. అందుకని చిక్కు తీసే పని నాకే చెబుతారు. నిన్న పొద్దున్న ఓ మగపిచ్చుకను విడిపించబోతుంటే పక్కింటావిడ "చేత్తో ముట్టుకోకండి, మిగతావి వెలేస్తాయి" అంది. ఆ మాట వినగానే అత్త గుర్తొచ్చింది.

అత్తంటే నాన్న చెల్లెలు. పోర్టులో క్రేను నడిపే క్రైస్తవుణ్ణి చేసుకుని గోపాలపట్నంలో కాపురం పెట్టింది. మా పేట జనం నాలుగు రోజులు బుగ్గలు నొక్కుకుని మరిచిపోయారు. వెలివేసింది నాన్న ఒక్కడే. నేను చాటుగా వెళ్ళొస్తుండేదాన్ని. అత్త కూతురు, నాకు వదిన, పిచ్చుకల మీద పరిశోధన చేసేది. భయం పుట్టినప్పుడు పిచ్చుక నెత్తుట్లోకి ఒక హార్మోను దిగుతుందట. అది మరీ ఎక్కువైతే తల్లి పిల్లల్ని వదిలేసి పోతుందట, మరీ తక్కువైతే పిల్లి నోట పడుతుందట. ఓ రోజు వదిన, గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుకను పట్టి, రెక్క కింద సూది గుచ్చి చుక్క నెత్తురు తీస్తుంటే అత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"వొదిలీయే దాన్ని. మనిసి సెయ్యి పడితే ఇంక కలుపుకోవు. వొంటరిదైపోద్ది."

వదిన నవ్వి, దాని కాలికి నీలం రింగు తొడిగి వదిలేసింది. అత్త మాత్రం పొయ్యి కట్టేసి, మెతుకులు చల్లుకుని గుమ్మంలోనే కూర్చుంది. మధ్యాహ్నానికి నీలం రింగుది గుంపులో దూరి, మెతుకు కోసం అన్నిటితోనూ కయ్యం పెట్టుకుంటోంది. మిగతావి పొడిచాయి, పొడిపించుకున్నాయి, వెలి మాత్రం వెయ్యలేదు. "సూసావేటే, కలిపీసుకున్నాయి" అంది అత్త నాతో. ఆవిడ ముఖంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. "మీ నాన్న కూడా ఓ నాటికి..." అని ఆగిపోయింది.

ఆ ఏడే నానమ్మ పోయింది. అత్త కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, తల్లి కాళ్ళు ఒక్కసారి పట్టుకుంటానంది. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మా అమ్మని ముట్టొద్దు" అన్నాడు. మా అమ్మట! ఆవిడకేమీ కానట్టు. పాడె లేచేదాకా అత్త సందులో, వలలు ఆరేసిన గోడ పక్కన నిలబడింది. ఏడవలేదు. వెళ్తూ వెళ్తూ నాన్నకు వినబడేలాగే వదినతో అంది: "మీ మావ నెత్తురు కూడా ఓ సుక్క తీసి సూడే. అందులో ఏటుందో."

తర్వాత అత్తా పోయింది. నాన్న చూడ్డానికైనా వెళ్ళలేదు. ఆయన ఇప్పటికీ మా ఇంట్లోనే, వేళకు కాఫీ తాగుతూ ఉన్నాడు.

నిన్న ఆ పిచ్చుకను చేత్తోనే విడిపించాను. ఎదుటి పిట్టగోడ మీది గుంపులో వాలింది. అవి కాస్త జరిగి చోటిచ్చాయి. వెలివేసే గుణం మనది, దాన్ని తీసుకెళ్ళి వాటి నెత్తిన రుద్దాం. కాలమే అన్నీ సర్దుతుందంటారు. మా ఇంట్లో అది ఏదీ సర్దలేదు; ఊరికే గడిచిపోయింది.