గేటు పాసు కోసం తీసిన ఫొటో

మీ ముఖాన్ని మీకు చెప్పకుండా ఎవరో అమ్ముకుంటే మీరు ఊరుకుంటారా? ఎల్లమ్మ మాత్రం ఊరుకోవాలని కొందరు ఆశించారు. ఆశించినవారందరూ చదువుకున్నవారే.

ఎల్లమ్మది మోకిల. పెనిమిటి పోయిన నాటి నుంచి బోరు కింద వేసుకున్న కూరమళ్లే ఆమెకు దిక్కు. ఏళ్ల తరబడి నానక్‌రామ్‌గూడ రోడ్డు పక్క అంగడిలో కూర్చుని తోటకూర, పుంటికూర అమ్మింది. ఎల్లమ్మ కూరలో పురుగుంటే ఉంటుంది గానీ మందు ఉండదని అక్కడివారు చెప్పుకునేవారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ అంగడిని లేపేశారు. కూర్చునే చోటు లేక ఆమె తిరుగుతున్న రోజుల్లో, ఆఫీసు టవర్ల మధ్య పచ్చికలో ఆదివారం ఆదివారం 'రైతు సంత' పెట్టే ఉదయ్ భాస్కర్ పిలిచి చోటిచ్చాడు. గేటు పాసు కోసమని గోడకు ఆనించి నిలబెట్టి ఫొటో తీశాడు. కొంగు సర్దుకుని ఆమె నవ్వింది కూడా. ఆ పాసు పచ్చిక వరకే చెల్లుతుంది; టవరు లోపల అతడే నడిపే కూరల దుకాణం గుమ్మం ఆమె ఏనాడూ తొక్కలేదు.

ఒక ఆదివారం ఉదయం వీరలక్ష్మి అనే ఆవిడ సంతకు వచ్చింది. ఊరు అమలాపురం. షిరిడీ యాత్రకు పోతూ మధ్యలో మేనకోడలు సంయుక్త ఫ్లాట్‌లో ఆగింది. ఏ ఊరు వెళ్లినా అక్కడి సంత చూడనిదే ఆవిడకు కాలు నిలవదు. బుట్టలన్నీ చూసుకుంటూ వచ్చి ఎల్లమ్మ ముందు ఆగి, ఎగాదిగా చూసి, సంచిలోంచి ఆకుకూర ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది.

"ఈ బొమ్మలో ఉన్నది మీరే కదండీ? నిన్న లోపలి కొట్లో కొన్నాను. కడుగుతుంటే పురుగుమందు వాసన గుప్పుమంది. పైన నవ్వుతూ మీరు, లోపల విషమూనా?"

ఎల్లమ్మ డబ్బా అందుకుంది. అదే కొంగు, అదే నవ్వు. కింద రాసి ఉన్నది వెంట వచ్చిన సంయుక్త చదివి వినిపించింది: ఎల్లమ్మ తోట నుంచి నేరుగా మీ ఇంటికి.

"నిన్న నేను కొయ్యనే లేదమ్మా. ఐతారం పొద్దుగాల కోసి సీదా ఈడికే తెస్త. ఇది నాది కాదు."

అలాంటివి లోపల ఎన్ని ఉన్నాయని ఎల్లమ్మ అడిగింది. అర నిండా ఉన్నాయని, రోజూ వస్తాయని సంయుక్త చెప్పింది.

కబురందుకుని ఉదయ్ భాస్కర్ వచ్చాడు. కాదనలేదు. కూర ఎవరో వ్యాపారి పంపుతాడని, కొనేవాళ్లకు నమ్మకం కుదరాలంటే ఒక ముఖం కావాలని, వ్యాపారంలో ఇది మామూలేనని ఓపికగా వివరించాడు. పాసు కోసం తీయించుకున్న ఫొటో పాసుకే చెందుతుందన్న చిన్న న్యాయం ఆ ఓపికలో ఎక్కడా కనిపించలేదు.

"మీ ఫొటో ఇన్ని ఇళ్లలోకి వెళ్తోంది, ఎల్లమ్మగారూ. మీకు గౌరవమే కదా?"

"ఫొటోను రానిచ్చే ఇండ్లకు నన్ను రానిస్తరా సారూ? గేటు కాడనే ఆపుతరు గద."

అతడు గొంతు తగ్గించాడు. గొడవ చేయకపోతే వచ్చే వారం నుంచి గేటుకు దగ్గరగా పెద్ద చోటిస్తానన్నాడు. చేస్తే, ఉన్న చోటు కోసం చాలామంది కాచుకుని ఉన్నారన్నాడు. బెదిరింపుకు మర్యాద తొడుగు వేస్తే ఇలాగే ఉంటుంది. చోటు పోతే ఆమె కూర వాడిపోతుంది. నోరు మూసుకుంటే, ఆ మందు కూర తిని ఏ ఇంట పిల్ల మంచమెక్కినా తిట్టు తగిలేది ఎల్లమ్మ పేరుకే.

వీరలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. డబ్బాను ఎల్లమ్మ చేతిలోనే ఉంచింది.

"సాక్ష్యం కావాలంటే షిరిడీ నుంచైనా ఫోనులో చెబుతానండి. బాబా గుమ్మంలో నిలబడి అబద్ధమాడను కదా."

ఎల్లమ్మ ఆ డబ్బాను బుట్టలో పెట్టుకుంది. ఠాణాలో నోటితో చెబితే రాసుకుంటారా అని సంయుక్తను అడిగింది. రాసుకుని తీరాలని, తానూ వెంట వస్తానని సంయుక్త అంది. మళ్లీ ఇక్కడ కూర్చోవాలని లేదా అని ఉదయ్ భాస్కర్ హెచ్చరించాడు.

"కూసునే జాగ ఇంకోటి దేవులాడుకుంట సారూ. పేరు పోతే ఏడ దేవులాడాలె?"

తడి గోనెపట్టా కూరమీద కప్పి, ఇంకా సగం నిండుగా ఉన్న బుట్టను నెత్తికెత్తుకుంది. అమ్మకం ఆగినా సరే, ఆ పూటే ఫిర్యాదు ఇవ్వాలని ఎల్లమ్మ నిశ్చయించుకుంది.