మందార టీలో గేదెపాలు

మా అత్తగారికి టీ ఇవ్వడం ఈ ఇంట్లో నా పని. పని కాదు, నా పదవి. సాయంత్రం నాలుగింటికి అల్లం దంచి, చిక్కటి గేదెపాలలో ఎర్రగా మరిగించి తెచ్చిస్తే, ఆవిడ సగం సాసర్లో పోసి నా వైపు జరిపేవారు. "నువ్వూ తాగవే, చల్లారిపోతుంది" అనేవారు. పెళ్ళయి కొవ్వూరు వచ్చిన కొత్తల్లో మొదలైన అలవాటు అది. ఆ సాసరు కోసమే నేను వేరే కప్పు పెట్టుకునేదాన్ని కాదు.

కిందటేడు రాజమండ్రిలో డాక్టరుగారు ఆవిడకి గుండెదడ అన్నారు, టీ మానెయ్యమన్నారు. నాలుగవగానే అత్తాకోడళ్ళం గోడ గడియారం చూసుకుని ఊరుకునేవాళ్ళం.

అప్పుడు దిగింది మా తోడికోడలు. బెంగుళూరు కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చన్నారట. మా మరిదీ తనూ పై వాటాలోకి వచ్చేశారు. వస్తూ వస్తూ అట్టపెట్టె నిండా రకరకాల టీలు తెచ్చింది మహాతల్లి.

"అత్తయ్యగారూ, ఈ టీలో కెఫీన్ తీసేస్తారండి. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను, తాగొచ్చన్నారు."

ఆ అడగడమేదో నాకెందుకు తోచలేదు? ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి సాసరు అటు తిరిగింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా!

ఎవరూ లేనప్పుడు ఒక్కొక్కటీ రుచి చూశాను. నిమ్మగడ్డి టీ అంట్ల సబ్బు వాసన. చామంతి టీ వానకి తడిసిన గడ్డివాము. గులాబీ టీ తాగితే పెళ్ళిలో చల్లే పన్నీరు నోట్లో పడ్డట్టుంది. హమ్మయ్య అనుకున్నాను. చివరికి ఆ కెఫీన్ తీసేసినదాన్ని పాలలో కాచుకున్నాను. అచ్చం టీలాగే ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇక మిగిలింది మందార టీ. అందులో అసలు టీ ఆకే లేదని పెట్టె మీద రాసుంది, కాబట్టి అత్తగారికి భయం లేదు. దాన్ని నా పద్ధతిలో కాచి ఇస్తే నా సాసరు నాకు వస్తుందనుకున్నాను. తోడికోడలు మీటింగులో ఉండగా గేదెపాలు, అల్లం, పంచదార, గుప్పెడు మందార రేకులు వేసి పొయ్యి మీద పెట్టాను. ఒక్క పొంగు వచ్చిందో లేదో, పాలు విరిగి గులాబీరంగు ముక్కలు తేలాయి. సరిగ్గా అప్పుడే మీటింగు ముగించుకుని తోడికోడలూ, వెనకే అత్తగారూ వంటింట్లోకి వచ్చారు.

"అయ్యో అక్కా, అది పులుపండి. పాలు పొయ్యకూడదు."

అత్తగారు గిన్నెలోకి తొంగిచూశారు. "ఇదేంటే, టీ పెడతానని జున్ను వండావా?" అని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. గిన్నె కడిగి, గబగబా తన టీ కాచింది, నేను దంచిన అల్లమే వేసి మరీ.

అత్తగారు సగం సాసర్లో పోసి నా వైపు జరిపారు. ఎన్నాళ్ళకి! తాగాను. బాగుంది, చచ్చేటంత బాగుంది.

"ఎలా ఉందే?"

"బాగుందండి."

"కదూ! రేపటి నుంచి నువ్వూ దాని దగ్గర నేర్చుకో."

సాసరు కడిగి బోర్లించాను. అత్తగారి కప్పూ కడిగాను. తోడికోడలి కప్పు మాత్రం సింకులో అలాగే వదిలేశాను.