తల్లి ఒంటి గురించి మా మిస్ చెప్పిన మాట

మా మిస్ పోయారని విరుదునగర్ నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. కొంతకాలంగా ఒంట్లో బాగాలేదట. నేను ల్యాబులో ఉన్నాను. చేతిలో పని ముగించి బయటికి వచ్చాను.

తొంభైల చివర్లో ఆమె విరుదునగర్ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. నేను కోవిల్‌పట్టి నుంచి రైల్లో వెళ్ళేదాన్ని. ఆమెది అరుప్పుకోట్టైలో మగ్గం నేసే ఇల్లు. పాఠం ఇంగ్లీషులో, తిట్లు తమిళంలో. ఇంట్లో తెలుగు మాట్లాడే మాలాంటి ఒకరిద్దరితో మాత్రం వరండాలో తెలుగు. "తెలీదు అనేదానికి సిగ్గుపడొద్దండి" అనేవారు. తనకు తెలియకపోతే తనూ అంతే చెప్పేవారు. సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తగిలేదాకా పారేసేవారు కాదు.

ఒకరోజు, ఎలుకల్లో కొత్తగా తేలిన సంగతి చెప్పారు. కడుపులో బిడ్డ సగం తండ్రిది, అంటే తల్లి ఒంటికి పరాయిది. పరాయిదాన్ని పట్టి చంపే టి కణాలు దాన్నెందుకు వదిలేస్తాయి? బిడ్డను తల్లికి అంటిపెట్టే మాయలోని కణాలు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని అక్కడే విరిచేస్తాయి. అది అందక టి కణాలు పెరగలేవు, ఊరుకుంటాయి. ఆ విరిచే పనిని మందుతో ఆపితే, పరాయి వంశపు మగ ఎలుక వల్ల వచ్చిన కడుపు ఆడ ఎలుకకు నిలవలేదు.

పాఠం అయ్యాక ఆమెకు మా ఇంటి సంగతి చెప్పాను. మా వదినకు కడుపు నిలిచేది కాదు. "దాని రగతమే చెడ్డది" అనేది మా అమ్మ, తనతో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వచ్చే ఆడవాళ్ళందరి ముందూ. శుభకార్యాల్లో వదినను వంటింట్లోనే ఉంచేది.

ఒక ఆదివారం మిస్ మా ఇంటికి వచ్చి, ఆ ఎలుకల సంగతి అమ్మకు విడమరిచి చెప్పారు. అమ్మ శ్రద్ధగా విని, వంటింట్లో ఉన్న వదిన వైపు చూపించింది.

"అట్లయితే దీనికి కూడు తగ్గించాల్నా టీచరమ్మా?"

"అయ్యో, వద్దుమా! బాగా తిననీండి. ఆ పస్తు బిడ్డ ఉండే తావులోనే, ఆ కాపలా కణాలకే."

"దీనికి నిలవకపోయేది అందుకేనా?"

"తెలీదుమా. అది ఎలుకల్లో చూసినారు. ఆడోళ్ళ సంగతి ఇంకా ఎవురికీ సరిగ్గా తెలీదు." కొంచెం ఆగి, అదే గొంతుతో అన్నారు: "నాకూ నిలవలేదు. నా రగతం చెడ్డదంటారా?"

అమ్మ వంటింట్లోంచి వదినను పిలిచి, మిస్ పక్కన కూర్చోమంది.

వదినకు బిడ్డలు కలగలేదు. ఆ పాఠం ఏదో నయం చేస్తుందని మిస్ ఎన్నడూ చెప్పలేదు. తర్వాత నేను ఈ టి కణాల చదువులోనే పడ్డాను. అర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం తగ్గినా టి కణాలు నెమ్మదిస్తాయని చదివిన రోజు ఆమెకు ఫోన్ చేశాను. "మంచిది. తెలీనిది ఎంత మిగిలిందో అది చెప్పు" అన్నారు.

అమ్మ ఇంట్లో వదినతో మాట్లాడే తీరు మెల్లగా మారింది. కొన్నేళ్ళకు మా పిన్ని కూతురి వళైకాప్పు వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు, బిడ్డలున్న ఆడవాళ్ళు ముందుగా గాజులు తొడిగే వేడుక అది. మిస్‌నూ పిలిచాం. బస్సుకు ఆలస్యమవుతుందని ఆమెకు ముందే భోజనానికి ఆకు వేశారు. అమ్మ అందరి ముందూ వదినను పిలిచింది.

"రామ్మా, ముందు నువ్వు తొడుగు."

వదిన గాజు అందుకుంది. అది ఆ పిల్ల వేళ్ళ కణుపుల దగ్గర ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆకు ముందు కూర్చున్న మిస్, ముద్ద చేతిలోనే ఉంచుకుని, గాజు మణికట్టు చేరేదాకా చూస్తూ ఉండిపోయారు.