యాప్ తీసేసిన డోలు

సత్తుపల్లిలో భద్రాచలం బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక పాడ్‌కాస్ట్ ఎడిట్ చేస్తుంటే, పక్క సీటు కుర్రాడు కాసేపు చూసి తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"అన్నా, జర ఇది విను. నేనే పాడిన."

మంచి గొంతు. కానీ పాట మధ్యమధ్యలో ఆగిపోయి, చాలాసేపటికి మళ్లీ మొదలవుతోంది.

"ఆగిన కాడ మా మామ డోలుండాలె," అన్నాడు. "పాడ్‌కాస్ట్ పెడదామని యాప్‌ల ఎక్కించిన. చప్పుడు తీసెయ్యాల్నా అని అడిగింది. ఇంటి కాడి కోళ్ల చప్పుడు పోతదని అవ్ అని నొక్కిన. డోలే పోయింది."

ఆ బటన్ నేను రోజూ నొక్కేదే. మనిషి గొంతు తప్ప దానికి అన్నీ చప్పుళ్లే.

"అసలు రికార్డింగ్ ఉందా?"

"ఫోన్ నిండిందని తీసేసిన."

"మామతో ఇంకోసారి వాయింపించి..."

"పోయిన వానాకాలంల చనిపోయిండు." నా ల్యాప్‌టాప్ వైపు చూశాడు. "నువ్వు గీ పనే చేస్తవు గదా అన్నా, డోలు మళ్ల తియ్యరాదా?"

ఫైలు ఎక్కించుకుని, వాల్యూమ్ పూర్తిగా పెంచి విన్నాను. పాట ఆగిన చోట గాలి సవ్వడి కూడా లేదు.

"రాదు తమ్ముడూ."

అతను పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. గొంతు ఆగగానే ముందు సీటు కడ్డీ మీద వేళ్లతో దరువు అందుకున్నాడు. నాలుగు దెబ్బలకే ఆపేశాడు.

"కాదు. మామ గిట్ల కొట్టడు."