వంకాయ అని చెప్పి పెట్టిన కార్జం

మాంసం ముట్టని ఇంటి పిల్లకు, తల్లికి తెలియకుండా, మేక కార్జం తినిపించాను. ఒకసారి కాదు. ఒక చలికాలమంతా. అడిగితే వంకాయ అని చెప్పాను.

ఇదీ నేను చేసిన పని. పేరు రాయను. శామీర్‌పేటలో బర్రెలు కట్టుకుని పాలు పోసినవాణ్ణంటే చాలు. అట్లాంటి ముసలివాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. ఇన్నేళ్ళూ ఈ సంగతి లోపల మోశాను. మోస్తూనే నవ్వుతూ తిరిగాను, పాలు పోశాను, దొరికినవాళ్ళందరితో పోట్లాడాను. బరువు మోసేవాడు వంగి నడవాలని రూలేమీ లేదు కదా?

మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఎరిగినవాళ్ళయితే సగంలోనే సలహా మొదలుపెడతారు. నాకు సలహాలు పడవు. నేను బడికి పోలేదు. కరీంనగర్ రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత పేపరు, ఆ తర్వాత చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. అట్లా సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. నీకు తెలియనిది ఒకటుందని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. జరిగిందంతా ఆ మంట వల్లే.

అప్పట్లో మా వెనక గదుల్లో ఒక టీచరమ్మ కుటుంబం అద్దెకుండేది. పేరు సుజాత అనుకోండి. గుంటూరు వైపు వాళ్ళు. భర్తకు మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. వాళ్ళకు మూడేళ్ళ పాప, హాసిని. టీచరమ్మ బడికి పోతూ పాపను మా ఇంట్లో వదిలేది. "మీరున్నారనే నా ధైర్యం బాబాయిగారూ" అనేది. మా మనుమరాలు మౌనికదీ అదే ఈడు.

ఇద్దరినీ పక్కపక్కన చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. హాసిని పూరీలా పొంగి ఉండేది. మా మౌనిక అగరుబత్తి. పాడి మా ఇంట్లో, పొంగింది వాళ్ళ పిల్ల! కౌకూరు నుంచి యాప్రాల్ దాకా కాలనీల్లో "మా పాలు తాగిన పిల్లలు ఎట్లుంటరో సూడుండ్రి" అంటూ పాలు పోసేవాణ్ణి నేను. అందుకే మౌనికను ఏ రోజూ మోపెడ్ మీద ఎక్కించుకుని పోలేదు. అది ఏడ్చేది. అది కూడా తప్పే. కానీ ఈ రోజు దాని వంతు కాదు.

అప్పుడొచ్చింది సర్వే. దేశమంతటా ఇల్లిల్లూ తిరిగి పిల్లల ఆరోగ్యం చూసే సర్వే. ముందొకడు వచ్చి ఇళ్ళు లెక్కబెట్టి, నేను కొత్తగా సున్నం కొట్టించిన గోడ మీద నంబరు వేసిపోయాడు. దాని మీదే బోలెడు పోట్లాట అయింది. కొన్నాళ్ళకు ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఒకామె మా కోడల్ని లోపలి గదిలో కూర్చోబెట్టుకుని, "ఆడోళ్ళ ముచ్చట్లు, మీరు బయటుండాలె" అని నా ఇంట్లోంచి నన్నే వెళ్ళగొట్టింది. రెండో అమ్మాయి అరుగు మీద త్రాసు, ఎత్తు కొలిచే చెక్క సర్దుకుని మౌనికను తెమ్మంది.

ఈ సర్వే అమ్మాయిలు ఇక్కడి నుంచి పక్కింటికి పోతారు, ఆ పక్కింటికి పోతారు. పాలమ్మే ఇంట్లోనే పిల్ల ఎండిపోయిందని ఒక్క మాట జారితే? కొట్టంలోకి పోయాను. మౌనిక చేతిలో బెల్లం ముక్క పెట్టి గడ్డివాము వెనక కూర్చోబెట్టాను. హాసినిని ఎత్తుకొచ్చాను.

"తాతా, గీమెనేనా మౌనిక?"

"కనవడ్తలేదా? పాడున్న ఇంటి పిల్ల గిట్లనే ఉంటది."

హాసిని ఊరుకుంటుందా? "కాదండీ, నేను హాసినినండీ" అంది.

ఆ అమ్మాయి నా మొహం చూసింది. "ఇదేంది తాతా, మీ పిల్ల గుంటూరు మాట మాట్లాడ్తాంది?"

"టీవీ జూసి జూసి గట్లయింది. నువ్వు జల్దీ బరువు జోకు."

త్రాసు మీద అంకె చూసి నా ఛాతీ పొంగింది. తర్వాత వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తామంది, ఒప్పుకుంటారా అని అడిగింది. ఒప్పుకున్నాను. ఎవరి పిల్ల వేలికి ఎవరు ఒప్పుకున్నట్టు? ఆ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. పాప కెవ్వుమంది. ఆ అమ్మాయి రక్తం కొలిచే చిన్న మిషన్ వైపు చూసింది. మళ్ళీ చూసింది.

"తాతా, పిల్లకు రక్తం మస్తు తక్కువున్నది. ఏం తింటది?"

"పాలు. పొద్దుగాల పాలు, పగటికి పాలు, రాత్రికి పాలు. అన్నం ముట్టది."

"గందుకే. పాలతోటే కడుపు నిండితే ఇంకేం తింటది? బొద్దుగున్నదని మోసపోకు. దవాఖాన్ల సూపెట్టుండ్రి, ఆలస్యం జెయ్యకుండ్రి."

"మా తాత పాలు దాగి పిడుగసొంటి మనిషై బతికిండు! నీకెవ్వరు సెప్పిండ్రు?"

"మిషన్ సెప్పింది. నాతోటి ఏం కొట్లాడుతవ్, దీనితోటి కొట్లాడు" అని మిషన్ నా ముందు పెట్టింది.

వాళ్ళు పోయారు. దేశం లెక్కల్లో మా మౌనిక బొద్దుగానూ, రక్తం లేకుండానూ ఉండిపోయింది. పాపం దేశం.

సాయంత్రం టీచరమ్మ వచ్చి పాప వేలు చూసింది. గులాబీ ముల్లు అన్నాను. అనేశాక చెబుదామని మళ్ళీ నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? రక్తం తక్కువని చెబితే ఎవరు చూశారంటుంది. ఎవరు చూశారో చెబితే నీ పిల్లను నా పిల్లనని చెప్పానని చెప్పాలి. ఎందుకలా చెప్పావంటే, నా మనుమరాలి సన్నపు చేతులకు నేను సిగ్గుపడ్డానని, పైగా నీ పిల్ల ఇట్లా కావడానికి నేను గొప్పలు చెప్పుకుంటూ పోసిన పాలే కారణమట అని చెప్పాలి. ఒక్క నిజం చెప్పాలంటే ఇన్ని లాగాలా? నోరు మూసుకున్నాను. ఎన్ని పుస్తకాలు చదివితే ఏం లాభం?

తల్లి లేకుండా పాపను దవాఖానాకు ఏమని తీసుకుపోను? అందుకని వైద్యం నేనే మొదలుపెట్టాను. మా వైపు రక్తం తగ్గిందంటే కార్జమే. మటన్ దుకాణంలో తెచ్చి, కొట్టం వెనక నిప్పుల మీద కాల్చి, ఉప్పు చల్లి, ఇద్దరు పిల్లలకూ పెట్టాను.

"ఏంటి తాతా ఇది?" అంది హాసిని.

"నల్ల వంకాయ బిడ్డా."

అన్నం చూస్తే మొహం తిప్పుకునే పిల్ల వేళ్ళు నాక్కుంది.

పాలు కూడా తగ్గించాలి కదా. "బర్రె వట్టిపోయింది టీచరమ్మా, ఇగ మీకు సగమే" అన్నాను. సరిగ్గా అప్పుడే కొట్టంలోంచి ఆ ముండ నిండు పొదుగుతో అరిచింది. "మీ గేదె బాగానే ఉన్నట్టుందే బాబాయిగారూ?" అంది. "వట్టిపోయిన బాధకే అరుస్తాంది" అన్నాను. కొనేవాళ్ళు అడుగుతుంటే పాలు లేవని పోట్లాడిన పాలవాణ్ణి మా శామీర్‌పేటలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంకోరోజు వచ్చి, "పిల్ల మీ వంకాయే కావాలని ఒకటే గొడవండీ. నేను చేసి పెడితే ఇది కాదని విసిరికొట్టింది. ఏం వేస్తారందులో?" అంది.

"గది మా పొయ్యి మహిమ" అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఇది రాస్తుంటే ఇప్పుడూ నవ్వొస్తోంది, దాని వెంటే సిగ్గూ వస్తోంది. దేవుడి పటం ముందు చేతులు జోడించే పసిదాని నోట్లో నేనేం పెట్టాను? ఎవరిచ్చారు నాకా హక్కు? పిల్ల పెదాలు ఎర్రబడ్డాయి కదా అని నాకు నేనే వాదించుకునేవాణ్ణి. నిజంగానే ఎర్రబడ్డాయి. కార్జం వల్లో, పాలు తగ్గి అన్నం తిన్నందువల్లో, నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

తర్వాత వాళ్ళు యాప్రాల్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. హాసిని ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. మౌనిక బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఇప్పటికీ అగరుబత్తే, కానీ మాటకు మాట నాతో సమానంగా పోట్లాడుతుంది.

మొన్న మళ్ళీ సర్వే వాళ్ళు మా వీధికి వచ్చారు. "తాతా, ఇంట్ల చిన్న పిల్లలున్నరా?" అని ఒక అమ్మాయి అడిగింది. లేరు. ఈసారి దాచడానికి ఎవరూ లేరు. తెల్లారి స్నానం చేసి యాప్రాల్‌కు ఆటో ఎక్కాను.

టీచరమ్మ జుట్టు నెరిసింది. కూర్చోమంది. నిలబడే చెప్పాను. త్రాసు, సూది, మిషన్ చెప్పిన మాట, గులాబీ ముల్లు, బర్రె, అన్నీ. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మంచితనం కొద్దీ ఇచ్చేస్తుంది, అది నాకు వద్దు. ఊరికే చెప్పాను. చెబుతుంటేనే ఒళ్ళు తేలికవుతూ వచ్చింది. ఇంత సులువా, దీనికా ఇన్నేళ్ళు పట్టిందని నా మీద నాకే కోపం కూడా వచ్చింది. వంకాయ దగ్గరికి వచ్చేసరికి ఆమె పడీ పడీ నవ్వింది. బతికాననుకున్నాను. అంతలో నవ్వు ఆగిపోయింది. ఆమె ఇచ్చిన జవాబు మార్చకుండా రాస్తున్నాను:

"కార్జం సంగతి నేనూ ఆ దేవుడూ చూసుకుంటాం బాబాయిగారూ, అది వదిలేయండి. పిల్లకి రక్తం లేదని నాకెందుకు చెప్పలేదండీ? ఆ రోజుల్లో అది నా సంచీలోంచి సుద్దముక్కలు తీసుకుని తినేది. రక్తం లేని పిల్లలు అలా తింటారని నాకేం తెలుసు? దొంగబుద్ధి అనుకున్నాను. తలుపులేసి చేతులు వాచేలా కొట్టాను దాన్ని. మీరొక్క మాట చెప్పి ఉంటే కొట్టేదాన్ని కాదు. ఆ ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని వదలనండీ. అరె, వెళ్ళిపోతారేంటి, కూర్చోండి! పప్పు పొయ్యి మీదుంది, తినే వెళ్ళాలి. నాకింకా కోపం తగ్గలేదు."